ఇక్కడి నుంచి ఇక్కడి దాకా

పిల్లలకు చదవడం నేర్పిస్తానని జీతం తీసుకోవడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు కావస్తోంది. ఇన్నేళ్ల తర్వాత, ఒక రెండు పేజీల కాగితం ముందు కూర్చుని, నేను నేర్పింది చదవడమేనా అని నన్ను నేనే అడగాల్సి వచ్చింది. ఆ కోపం ఇంకా చల్లారలేదు. ఎవరి మీద అంటే, ముందు నా మీదే. నా వెనక లైన్లో ఇంకా చాలామంది ఉన్నారు, వాళ్ల సంగతీ చెప్తాను.

లక్సెట్టిపేట నుంచి ఆటోలో అరగంట పోతే వచ్చే ఊళ్లో మా బడి. రెండు గదులు, ఒక వరండా, హెడ్మాస్టరు గారు, నేను. ఒకటి రెండు మూడు తరగతులు ఆయనవి, నాలుగూ ఐదూ నావి. ఒకే గదిలో రెండు తరగతులు. ఒక వరుసకు లెక్కలిచ్చి ఇంకో వరుసకు తెలుగు చెప్పాలి. అటు తిరిగితే ఇటు గోల, ఇటు తిరిగితే అటు గోల. బడి ఉన్నన్నాళ్లూ లక్సెట్టిపేటలో అద్దె గది, సెలవులొస్తే కరీంనగర్‌లో మా ఇల్లు.

నేను చెప్పబోయేది నా దగ్గర నాలుగో తరగతి చదివిన ఒక పిల్ల గురించి. తండ్రి దుబాయిలో కూలి పని చేస్తాడు. తల్లి ఇక్కడ నాట్ల రోజుల్లో నాట్లకు, పత్తి రోజుల్లో పత్తికి పోతుంది. పొద్దున పోతే దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరుతుంది. మా బడి ఐదో తరగతితో ఆఖరు. ఆ తర్వాత చదవాలంటే పిల్ల రోజూ నాలుగు కిలోమీటర్లు నడిచి పోవాలి, నడిచి రావాలి, వచ్చి తాళం తీసుకుని ఒక్కతే కూర్చోవాలి. అందుకని ఆ తల్లికి ఒకటే పట్టుదల. నాలుగు కాగానే పరీక్ష రాయించి బిడ్డను గురుకులంలో వేయాలి. సీటొస్తే తిండి, బట్ట, పడక, చదువు అన్నీ అక్కడే, ఇంటరు దాకా వెనక్కి తిరిగి చూసుకునే పని లేదు.

"గా సీటొక్కటి వస్తే నాకు ఏ ఫికర్ లేదు మేడం," అనేది నన్ను చూసినప్పుడల్లా. "మీరు జర మనసు పెట్టి చెప్పుండ్రి. పోరి ఎట్లన్న గడగడ సదువుతది."

గడగడ. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మంచినీళ్లు గడగడ తాగొచ్చు, కాదనను. చదువు కూడా అట్లాగే గొంతు దిగిపోతే చాలా? పిల్ల పుస్తకం తెరిచి ఎక్కడా ఆగకుండా చదివితే అందరికీ కడుపు నిండిపోతుంది. తల్లిదండ్రులకు అంతే, హెడ్మాస్టరుకు అంతే. బడి చూడటానికి పైనుంచి వచ్చే సారు ఫోన్లో టైము పెట్టి, నిమిషంలో ఎన్ని పదాలు చదివిందో లెక్క రాసుకుని, వెరీ గుడ్ అని పిల్ల నెత్తి నిమిరి జీపెక్కుతాడు. ఇప్పుడు చదివినదాంట్లో ఏముందమ్మా అని అడిగిన పాపాన పోడు. అడిగితే ఇంకో నిమిషం పడుతుంది కదా.

ఈ జబ్బు నాకు భైంసా వైపు పనిచేసిన రోజుల్లోనే అంటుకుంది. అది నా మొదటి ఉద్యోగం. అక్కడి నా పిల్లల్లో చాలామంది ఇళ్లలో మరాఠీ మాట్లాడతారు. తెలుగు బళ్లో, పుస్తకంలో. అయినా ఆరు నెలల్లో గుణింతాలు, వత్తులు అన్నీ పట్టించాను. ఒకరోజు ఇట్లాగే ఒక సారు వచ్చినప్పుడు ఒక పిల్ల లేచి పాఠం మొత్తం గుక్క తిప్పుకోకుండా చదివింది. ఆయన చప్పట్లు కొట్టాడు, నేనూ కొట్టాను. ఆయన పోయాక ఊరికే అడిగాను, ఆ పాఠం దేని గురించమ్మా అని. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "తెలుగు గురించి," అంది. ఆ సాయంత్రం టీ తాగుతూ తోటి టీచర్లందరికీ చెప్పి నవ్వించాను. అది నవ్వాల్సిన విషయం కాదని ఒక్కరికీ తట్టలేదు, నాకు అసలే తట్టలేదు.

బ్రాకెట్లు మొదలుపెట్టింది కూడా అక్కడే. ఇది టీచర్లకు కొత్తగా చెప్పక్కర్లేదు, బడి గడప దాటి చాలా రోజులైన వాళ్ల కోసం చెప్తున్నాను. పాఠం చివర ప్రశ్నలుంటాయి. వాటి జవాబులు నోటుబుక్కుల్లో ఉండాలి, ఎర్ర టిక్కులు పడి ఉండాలి. పిల్లలు ఆలోచించి సొంతంగా రాసే దాకా ఆగితే ఏడాదికి నాలుగు పాఠాలు కూడా కావు. అందుకని ఒక అడ్డదారి ఉంది. "పెన్సిళ్లు తీయండి. మొదటి ప్రశ్న. మూడో పేరా, రెండో లైను. ఇక్కడ బ్రాకెట్ తెరవండి. ఇదిగో ఇక్కడ మూసేయండి. పక్కన ఒకటి వేయండి." అంతే. ఆ రెండు గీతల మధ్య ఉన్నది పిల్లలు నోటుబుక్కులోకి దించుతారు. క్లాసులో ఎందరుంటే అన్ని నోటుబుక్కుల్లో ఒకే జవాబు, చుక్క తేడా ఉండదు. కథలో ఎవరు బతికారో ఎవరు చచ్చారో మాత్రం అడగకూడదు.

ఇట్లా కొన్ని నెలలు చేస్తే పిల్లలకు ఇంకో తెలివి వస్తుంది. మనం చెప్పకముందే బ్రాకెట్ వాళ్లే పెట్టేస్తారు. ప్రశ్నలో ఉన్న మాట పాఠంలో ఏ లైన్లో ఉందో వెతకడం, ఆ లైనుకు గీత గీయడం. పదిసార్లలో ఎనిమిదిసార్లు తప్పు పోదు. ఈ విద్యలో నా నాలుగో తరగతి పిల్లను మించినవాళ్లు లేరు. నేను ప్రశ్న చదవడం పూర్తయ్యేలోపు దాని పెన్సిలు లైను మీద ఉండేది. హుషారైన పిల్ల అని మురిసిపోయాను. ఆ ఏడు దసరా దాకా అట్లాగే మురిసిపోతూనే ఉన్నాను.

దసరా సెలవులైన తర్వాత ఒకరోజు, గురుకులం పరీక్షలో పుస్తకంలో లేని పేరాలు ఇస్తారు కదా అని, నేనే ఒక చిన్న కథ అల్లి బోర్డు మీద రాశాను. రాత్రంతా వాన కురిసింది. తెల్లవారి ముసలమ్మ చెప్పులు చేతిలో పట్టుకుని అంగడికి బయలుదేరింది. దారిలో ఒక ఎడ్లబండి ఎదురైంది. బండతను ఎక్కమన్నాడు. ముసలమ్మ తన కాళ్ల వైపు చూసుకుని, వద్దులే నాయనా అంది. ఇంతే కథ. ముసలమ్మ చెప్పులు చేతిలో ఎందుకు పట్టుకుంది అని అడిగాను.

 మా హుషారు పిల్ల లేచి నిలబడింది.

"బ్రాకెట్ యాడికెల్లి యాడిదాకా టీచర్?"

"బ్రాకెట్ లేదు. నువ్వే చెప్పు."

బోర్డు మీద పై నుంచి కిందికి కళ్లు తిప్పింది. చెప్పులు అన్న మాట దొరికింది. ముసలమ్మ చెప్పులు చేతిలో పట్టుకుని అంగడికి బయలుదేరింది అని గడగడ చదివి కూర్చోబోయింది.

"గది నేను అడిగిందే గదనే. ఎందుకు అని అడుగుతున్న."

"గది లేదు టీచర్," అంది, తప్పంతా నాదే అన్నట్టు. "మీరు రాయలే."

చేతిలో చాక్‌పీసు నేలకేసి కొట్టాను. అది మూడు ముక్కలైంది, పిల్లలు బెదిరిపోయారు. దాని మీద కోపం కాదు. ఇంత చురుకైన పిల్లను వెతుక్కోవడం తప్ప ఇంకేమీ రాకుండా తయారు చేశానే అని నా మీదే. ఆ రోజే చెప్పాను, ఇక నుంచి బ్రాకెట్లు బంద్, పెన్సిళ్లు సంచిలో పెట్టేయండి, పుస్తకం మూసి కథ చెప్పండి అని.

మొదటి రెండు వారాలు గోడకు చెప్పుకున్నట్టే ఉంది. ఏదడిగినా నా మొహం చూస్తారు, ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. ఎప్పుడో కరీంనగర్‌లో మాకు మూడు రోజుల ట్రైనింగ్ ఇచ్చారు, పిల్లల చేత ప్రశ్నలు వేయించండి, ఊహింపజేయండి అని. చార్టుల మీద రంగురంగుల బాణాలు గీయించారు. రెండు క్లాసుల్ని ఒకే గదిలో పెట్టుకుని ఊహింపజేయడం ఎట్లాగో మాత్రం ఏ బాణమూ చూపించలేదు. అయినా మొండికేశాను. మూడో వారంలో మళ్లీ ఆ ముసలమ్మ కథే రాసి, ఈసారి ఏమీ అడగకుండా ఊరుకున్నాను. కాసేపటికి ఆ పిల్ల తనకు తానే లేచింది.

"బురద టీచర్. రాత్రి వాన పడ్డది గదా. చెప్పులు బురదల ఇరుక్కుంటయని చేతుల పట్టుకున్నది. మా అవ్వ గట్లనే పట్టుకుంటది."

మా వైపు అవ్వ అంటే అమ్మే. "మరి బండెందుకు ఎక్కలే?" అన్నాను.

"కాళ్లకు అంత బురదనే ఉన్నది. పరాయోళ్ల బండి ఖరాబైతదని సిగ్గుపడ్డది."

 సిగ్గు అన్న మాట బోర్డు మీద లేదు. ముసలమ్మ మనసులోకి పోయి తీసుకొచ్చిందది. దాని వెనక ఇంకో ముగ్గురు లేచారు. ఒకరు బండతను మంచోడన్నారు, ఒకరు ముసలమ్మకు కొడుకులు లేరేమో అన్నారు. బెల్లు కొట్టినా ఎవరూ కదల్లేదు. ఇరవై ఏళ్లలో నాకు అట్లాంటి గంట ఇంకొకటి గుర్తులేదు.

వారం తిరగకుండానే హెడ్మాస్టరు గారు మా క్లాసు నోటుబుక్కుల కట్ట బల్ల మీద పెట్టుకుని నన్ను పిలిచారు.

"ఏంది మేడం ఇది, అన్నీ ఖాళీగనే ఉన్నయి. రేపు ఎవలన్న వస్తే నేనేం చూపియ్యాలె?"

"పిల్లలు కథ చెప్తరు సార్. జర కూసోని వినుమనుండ్రి."

"వినెటోడు యాడొస్తడు మేడం. చూసెటోడే వస్తడు," అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. రిటైర్మెంటు దగ్గరలో ఉంది, మెమో పడకుండా ఇంటికి పోవాలన్నదే ఆయన కోరిక.

ఆయనతో వాదించగలిగేదాన్నే. కానీ రెండు రోజులకు ఆ పిల్ల తల్లి పని ఎగ్గొట్టి బడికొచ్చింది. నోటుబుక్కు తెరిచి నా ముందు పెట్టింది. "గిండ్ల ఏం లేదు మేడం. పక్కింటామె బిడ్డ ప్రైవేటు బడిల ఎన్ని రాస్తదో, బుక్కులకు బుక్కులు నింపుతది. పరీక్ష దగ్గరకొచ్చింది. మీరు కోపం చేసుకోకుండ్రి, నాకే పరేషాన్ అయితాంది."

కూర్చోబెట్టి చెప్పాల్సింది. మీ పిల్ల ముసలమ్మ సిగ్గును కనిపెట్టిందమ్మా, అది బుక్కులు నింపడం కంటే పెద్ద చదువమ్మా అని చెప్పాల్సింది. చెప్పలేదు. అలసిపోయాను. పైగా నాకూ భయమేసింది, నా ప్రయోగాల వల్ల దాని సీటు పోతే ఎట్లా అని. మరుసటి రోజు క్లాసుకు పోయి, పెన్సిళ్లు తీయండి అన్నాను. పిల్లల మొహాల్లో ఎంత నెమ్మదో. మళ్లీ దారి దొరికినట్టు వంగి బ్రాకెట్లు పెట్టుకున్నారు. పది రోజుల్లో నోటుబుక్కులు నిండాయి. పరీక్ష కానీయి, తర్వాత చూసుకుందాం అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

పరీక్షలో నాలుగు జవాబులిచ్చి ఒకటి గుర్తు పెట్టమంటారు. మాట పట్టుకుని లైను వెతికే విద్య అక్కడ బాగానే పనికొచ్చింది. ఎండాకాలం సెలవుల్లో, నేను కరీంనగర్‌లో ఉండగా ఆ తల్లి ఫోన్ చేసింది. సీటొచ్చింది మేడం అని ఏడుస్తోంది. నేను అప్పుడు మామిడికాయ తొక్కు కలుపుతున్నాను. రెండు చేతులకూ కారం, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాను.

"కాగితం గిట్ల ఇచ్చిండ్రా?" అని అడిగాను.

"నెట్టు షాపాయన తీసిచ్చిండు మేడం. అన్నీ ఇండ్లనే ఉన్నయి, సదువుకోండ్రి అన్నడు. పోరి సదివింది. ఎప్పుడు పోవాలెనో ఏమేం పట్టుకపోవాలెనో అంత చెప్పింది."

"మంచిది," అన్నాను. ఒక ఫోటో తీయించి పంపండి అని అనలేదు. ఆ ఒక్క ముక్క అనడానికి కారం చేతులు అడ్డమేమీ కాదు. పిల్ల చదివిందంటే చదివిందే కదా అనుకున్నాను. గడగడ అన్న మాటను ఇంతసేపు తిట్టాను కదా, ఆ రోజు నేను నమ్మింది కూడా దాన్నే.

బళ్లు తెరిచిన రెండో రోజు పొద్దున క్లాసులోకి పోతే ఆ పిల్ల ముందు వరుసలో కూర్చుని ఉంది. కొత్త రిబ్బన్లు, వాచిపోయిన కళ్లు. వరండాలో తల్లి నిలబడి ఉంది. నిన్న కొత్త పెట్టె, బకెట్, దుప్పటి, ప్లేటు, గ్లాసు అన్నీ కొనుక్కుని, బస్సు దిగి మోసుకుంటూ గురుకులానికి పోయారట. మీ సీటు ఇంకొకరికి పోయిందని గేటు దగ్గరే చెప్పి పంపేశారట.

"మా సీటు ఎవలకో అమ్ముకున్నరు మేడం," అంది. గొంతు ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది. "మీరొక దరఖాస్తు రాసియ్యుండ్రి. కలెక్టర్ సారు కాళ్ల మీద పడుత. ఇగ పత్తి గింజలు పెట్టుడు షురువైంది, రేపటికెల్లి పోరిని ఎవలకు ఒప్పజెప్పి పోవాలె?"

 చేతిలో అల్లాట్‌మెంట్ కాగితం ఉండగా సీటు ఎట్లా తీసేస్తారు? ఈ రోజు ఎవరినో ఒకరిని కడిగి పారేయాల్సిందే అనుకుంటూ ఆ కాగితం అడిగాను. ప్లాస్టిక్ కవర్లో భద్రంగా మడిచిపెట్టింది. క్లాసులోకి తెచ్చుకుని బల్ల మీద విప్పాను.

మొదటి పేజీలో పెన్సిలుతో రెండు బ్రాకెట్లు ఉన్నాయి. చక్కగా తెరిచి, చక్కగా మూసి, పక్కన ఒకటి, రెండు అని నంబర్లు వేసి ఉంది. ఒకటో బ్రాకెట్లో, తేదీతో సహా, బడి తెరిచే రోజు పొద్దున తొమ్మిది గంటలకు హాజరు కావలెను అన్న లైను. రెండో బ్రాకెట్లో పెట్టె, బకెట్, దుప్పటి.

రెండో పేజీలో ఒక్క గీత లేదు. కింద ఒక మూలకు ఉంది: "అసలు ధ్రువపత్రములను పాఠశాల పునఃప్రారంభమునకు కనీసం వారం రోజుల ముందుగా సమర్పించవలెను. సమర్పించని పక్షమున సదరు సీటు తదుపరి అభ్యర్థికి కేటాయించబడును." ఈ తెలుగు రాసినాయన దొరికితే అతని చేత కూడా నాలుగో తరగతి చదివించాలి. కానీ ఆయన రాయాల్సింది రాశాడు. కాగితంలో అబద్ధం లేదు.

పిల్లను దగ్గరికి పిలిచాను.

"ఇది కూడ సదివినవా?"

"సదివిన టీచర్. మొత్తం మూడుసార్లు సదివిన. ఒక్క తప్పు పోలే."

"మరి దీనికి బ్రాకెట్ ఎందుకు పెట్టలే?"

"అవ్వ రెండే అడిగింది. ఎప్పుడు పోవాలె అన్నది, ఏం పట్టుకపోవాలె అన్నది. రెండిటికి పెట్టిన. గది అడగలే."

 రెండు ప్రశ్నలు, రెండు జవాబులు. పోయే రోజు అడిగితే రోజున్న లైను వెతికింది. వారం ముందు అన్న లైన్లో ఏ రోజూ రాసి లేదు, అది లెక్కేసుకోవాలి. అడగని లైనుతో పని లేదు. అచ్చం నేను నేర్పినట్టే చేసింది, చుక్క తేడా లేకుండా.

ఊరుకోలేక అడిగాను. "సరే, ఇప్పుడు నేను అడుగుతున్న. బ్రాకెట్ వద్దు. నువ్వు పెట్టె పట్టుకొని గా గేటు కాడికి పొయ్యెటాలకు, గీ లైను ప్రకారం ఏమై ఉంటది?"

కాగితం చేతిలోకి తీసుకుంది. ఈసారి గడగడ చదవలేదు. పెదవులు కదుపుతూ, ఆగుతూ, మళ్లీ వెనక్కి పోయి చదివింది. మొదటి పేజీ తిప్పి తేదీ చూసుకుంది. వేళ్ల మీద ఏడు రోజులు వెనక్కి లెక్కపెట్టింది.

"వారం ముందుగాలనే పోవాల్సి ఉండె టీచర్. సర్టిఫికెట్లు పట్టుకొని. మేము పోలే, అందుకే..." అని ఆగిపోయింది.

రెండు నిమిషాలు పట్టింది, అంతే. అడిగితే చాలు, ముసలమ్మ బురద దారిని చూసినట్టే అది కూడా చూసేది. ఏడాదిలో ఆ రెండు నిమిషాలు నేను రోజూ ఇవ్వలేకపోయాను. కాగితం బల్ల మీద పెట్టి, వరండాలో నిలబడ్డ తల్లి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అంది, "అవ్వకు చెప్పకుండ్రి టీచర్."

కాగితం కింద ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. బతిమాలాను, అరిచాను, మళ్లీ బతిమాలాను. సీటు ఇచ్చేశాం మేడం, ఆ పిల్ల కూడా వచ్చి చేరింది, ఏం చేయలేం అన్నారు. అవతల చేరిన పిల్లకు కూడా ఒక తల్లి ఉంటుంది, ఇంకేం మాట్లాడతాను.

వరండాలోకి పోయి ఆ తల్లి పక్కన మెట్టు మీద కూర్చున్నాను. ఎవరూ సీటు అమ్ముకోలేదని చెప్పాను. రెండో పేజీలో ఏముందో చదివి, విడమరిచి చెప్పాను. "తప్పు పిల్లది కాదమ్మా, నాది. నేను సక్కగ నేర్పలే. పిల్లనేమనకు," అన్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను.

ఆమె కాగితాన్ని పాత మడతల మీదే మడిచి కవర్లో పెట్టుకుంది. లేచి, చెంగుతో మొహం తుడుచుకుని, నన్నే ఓదారుస్తున్నట్టు అంది.

"మీదెట్లయితది మేడం. మీరు సదువు మంచిగనే చెప్పిండ్రు. నెట్టు షాపుల కాగితం చేతుల పెట్టంగనే అందరి ముంగట ఎంత గడగడ సదివింది పోరి, నేను విన్న గదా."